కంచెర్ల గోపన్నగారి జీవితము: నేనను పదార్థమును గూర్చిన విచారము

మహనీయుల చరిత్రములను జనులు రెండు విధములుగ జదువుచుందురు. కొందఱు వానియందు వింతలను వెదకుదురు. కొందఱు తమ నడవడికి వెలుగును వెదకుదురు. భద్రాచల రామదాసను పేరున లోకప్రసిద్ధులైన కంచెర్ల గోపన్నగారి చరిత్రమును మొదటి విధముగ విన్నవారు మన దేశమున లెక్కకు మీఱి యున్నారు. హరికథలును, నాటకములును, భజనగోష్ఠులును, పిమ్మట చలనచిత్రములును ఆ కథను తెలుగువారి యింటింటికిని జేర్చినవి. దానిని రెండవ విధముగ జదువుటకు మేమిచట యత్నింతుము.

ఈ జీవితమునం దొక ప్రశ్న యిమిడియున్నది. మనుష్యుడు నేనని పలికినప్పుడు ఆ మాట దేనిని జూపుచున్నది? అతని పదవినా, దేహమునా, జ్ఞాపకమునా, లేక వీని యన్నిటి వెనుక నిలిచి లెక్క యొప్పజెప్పవలసిన మఱియొక దానినా? గోపన్నగారి కాలముననే ఐరోపాఖండమున తత్త్వవేత్త లీ ప్రశ్నను క్రొత్తగ నెత్తికొనిరి. వారు గ్రంథములలో విచారించినదానిని వీరు చెఱసాలలో ననుభవించిరి. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఈ రెండింటిని జేర్చి చూచుట ప్రయోజనకరమని తోచినది. ఏలయన నేరము, ఋణము, శిక్ష, విడుదల యను మాటలన్నియు ఎవడు అను నొక్క ప్రశ్నపై నాధారపడియున్నవి.

జననము, ఉద్యోగము

గోపన్నగారు 17వ శతాబ్దమున నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి గ్రామమున బ్రాహ్మణకుటుంబమునందు జన్మించిరి. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. గోలకొండ సుల్తానునొద్ద మంత్రులైన అక్కన్న మాదన్నలు వీరికి మేనమామలని ప్రసిద్ధి. నేలకొండపల్లి మిక్కిలి పురాతనమైన యూరు. అచట బౌద్ధస్తూపపు శిథిలములు నేటికిని గలవు. జీవునియందు మాఱని యాత్మ యనున దేదియు లేదని బోధించిన భిక్షువులు నడయాడిన నేలమీదనే, నా ప్రభువునకు నేను దాసుడనని జన్మాంతము పాడిన భక్తుడు పుట్టుట గమనింపదగిన విషయము.

1672లో అబుల్ హసన్ కుతుబ్ షా గోలకొండ సింహాసన మెక్కెను. తానీషా యని మనవారు పిలుచునది యీతనినే. ఈతని ప్రభుత్వమున మాదన్నగారు ప్రధానపదవి నలంకరించిరి. మేనమామల ప్రాపున గోపన్నగారికి పాల్వంచ పరగణా తహసీలుదారు పదవి లభించెను.

అది సుళువైన యధికారము గాదు. ఒకవంక గోదావరి, ఒకవంక కిన్నెరసాని, నడుమ టేకును ఇప్పయు నిండిన యడవులు, ఆ యడవులలో కోయవారి గూడెములు. పోడు కొట్టి గింజలు చల్లుకొని, వాన కుఱిసిన నింత తిని, కుఱియనినాడు ఇప్పపువ్వుతోను దుంపలతోను కాలము గడపు జనులు వారు. మైదానపు రైతులనుండియు, ఈ యడవి యంచు పల్లెలనుండియు వసూలైన ప్రతి వరహాయు సేద్యగాని చేతినుండి తహసీలుదారుని సంచిలోనికిని, ఆ సంచినుండి సుల్తాను ఖజానాలోనికిని బోవలసినది. నడుమనున్న తహసీలుదారు ఆ సొమ్మునకు కావలివాడేగాని కర్త గాడు. ఈ సంగతిని చదువరులు మనసున నుంచుకొనవలయును.

అమెరికా దేశీయుడైన విలియం జేమ్సు 1890లో ప్రకటించిన మనశ్శాస్త్రగ్రంథమున, మనుష్యుడు నాదని చెప్పుకొనగలిగిన దంతయు నతని యహంకారమున నొక భాగమని నిరూపించెను. దేహము మాత్రమే గాదు. వస్త్రములు, ఇల్లు, ఆలుబిడ్డలు, పూర్వులు, కీర్తి, భూములు, ధనము, ఇవన్నియు నందు జేరును. అవి పెరిగిన మనుష్యుడు పెరిగితినని యుబ్బును, తరిగిన తఱిగితినని క్రుంగును. పల్లకి, ముద్రయుంగరము, ముందు నడచు బంట్రోతులు, మేనమామల పలుకుబడి గల పాల్వంచ తహసీలుదారునకు ఈ మొదటి విధమగు నేను ఎంత పెద్దదై యుండెనో యూహింపవచ్చును.

దేవాలయము

పాల్వంచ పరగణాకు జేరిన భద్రాచలము గోదావరికి ఉత్తరపుటొడ్డున నున్నది. ఆ కొండపై సీతారామలక్ష్మణుల విగ్రహములను మొదట గనుగొన్నది పోకల దమ్మక్క యను నడవిజాతి స్త్రీ యని స్థలకథ చెప్పుచున్నది. ఆమె తాటాకుల పందిరి వేసి, తనకు దొరకిన పండ్లను నివేదించి, దినమును కొండకు వచ్చి పోవుచుండెనట. విద్యయు నధికారమును గల గోపన్నగారు ఆ పందిరిని జూచి కదిలిపోయి రాతికోవెల కట్ట నిశ్చయించిరి.

గర్భగృహము, మండపములు, ప్రాకారములు లేచినవి. దేవతలకు నగలు చేయింపబడినవి. చందాలు చాలలేదు. శిస్తు సొమ్ము గోదావరి దాటి కొండ యెక్కెను. సంప్రదాయము ఆ మొత్తమును ఆఱు లక్షలని చెప్పును. సుల్తాను సెలవు లేదు.

ఇచట మనము కన్నులు మూసికొనరాదు. తనకు నమ్మి యప్పగింపబడిన ప్రభుత్వధనమును అధికారి వేఱొక పనికి వ్యయపఱచుట నేరము. ఆ పని యెంత పుణ్యమైనదైనను నమ్మిక చెడినది చెడినదే. 1860 నాటి భారత శిక్షాస్మృతి 409వ సెక్షనునం దిది ఘోరాపరాధముగ నెంచబడెను. 2024 జులై 1వ తేదీనుండి దాని స్థానమున నమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఆ తీరునే విడువలేదు. దురుద్దేశముతో తాత్కాలికముగ వాడుకొన్నను అపహరణమేయని శాసనము స్పష్టపఱచుచున్నది. గోపన్నగారు ఒక్క వరహానైనను తమ యింటికి గొనిపోలేదు. దురుద్దేశము లేదని వారి పక్షమున వాదింపవచ్చును, మేమును వాదింతుము. అయినను ఆ ధనము రైతులదియు, ఖజానాదియు గాని వారిది గాదు. భక్తిచేత పరధనము స్వధనము గాజాలదు.

చెఱసాల

తానీషా లెక్క యడిగెను. గోపన్నగారు చూపలేకపోయిరి. గోలకొండకోటలో వారిని బంధించిరి. ఆ చెఱవాసము పండ్రెండేండ్లని సంప్రదాయము. రామదాసు చెఱసాల యని నేటికిని జూపబడు చీకటికొట్టులో గోడలపై దేవతారూపములు చెక్కబడి యున్నవి.

పల్లకి పోయెను, ముద్రయుంగరము పోయెను, బంట్రోతులు పోయిరి. మేనమామలు మంత్రులై యుండియు విడిపింపలేకపోయిరి. జేమ్సు చెప్పిన నాది యనునదంతయు నొక్కటొక్కటిగ రాలిపోయినపిదప మిగిలినదేది?

ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు ఇట్టి ప్రశ్ననే బుద్ధిపూర్వకముగ వేసికొనెను. 1641లో వెలువడిన ధ్యానములను గ్రంథమున నాతడు సందేహింపదగినదానినంతయు సందేహించెను. కన్నులు మోసగింపవచ్చును, దేహమే స్వప్నము కావచ్చును. కాని సందేహించువాడు లేడని సందేహించుట యసాధ్యము. ఆలోచించుచున్నంతసేపు నే నున్నాను. కావున నేనన నాలోచించు పదార్థమని యాతడు నిశ్చయించెను. చలికాలమున వెచ్చని గదిలో కూర్చుండి, తనంతట తాను సర్వమును విడిచి, యాతడు చేరిన చోటికి గోపన్నగారు కొరడాదెబ్బలచేత నెట్టబడిరి.

అయితే యచట వారికి దొరకినది డెకార్టునకు దొరకినదానివంటిది గాదు. ఒంటరిగ నాలోచించు పదార్థము గాక, ఎదుట నొకనిని నిలుపుకొని మాటాడు నేను వారికి దొరకెను. చెఱసాలలో బుట్టినవని ప్రసిద్ధి కెక్కిన కీర్తనలను విచారించితిమేని ఈ సంగతి తేటపడును. వానియందు స్తోత్రము కొంత; తగవు కొంత. సీతమ్మ చింతాకు పతకము మొదలు రాముని కలికితురాయివఱకు నే నగకు ఎంత వ్యయమైనదో భక్తుడు దేవునికి లెక్క చెప్పును. ఆ నగలు పుట్టినింటివారో యత్తింటివారో పెట్టినట్లు కులుకుట తగునా యని యెత్తిపొడుచును. మఱుక్షణమే దెబ్బల బాధ కోర్వలేక యట్లంటినని క్షమాపణ వేడుకొనును. సుల్తానునకు చెప్పవలసిన లెక్కను దేవునికి చెప్పుచున్నాడు గదా యని నవ్వవచ్చును. మాకు నవ్వు రాదు. అన్నియు పోయినవానియొద్ద లెక్క యొప్పజెప్పవలె నను భావము మాత్రము పోలేదు. అదియే వారియందు మిగిలిన నేను.

చిలుక కథ

ఈ చెఱకు కారణముగ కథకులు మఱియొక మాట చెప్పుదురు. గోపన్నగారు పూర్వజన్మమున నొక చిలుకను పంజరమున బంధించిరట; ఆ పాపఫలముగ నీ జన్మమున పండ్రెండేండ్లు బంధింపబడిరట. వినుటకు కథ చక్కగ నున్నది. సరిగ నీ విషయమునే ఆ కాలపు ఆంగ్లేయ తత్త్వవేత్త యొకడు విమర్శించెను.

ఆ దినములలో మచిలీపట్టణపు రేవునకు డచ్చివారి యోడలును ఆంగ్లేయుల యోడలును వచ్చుచుండెడివి. గోలకొండ వజ్రములును, మన నేతగాండ్ర కలంకారీలును ఆమ్‌స్టర్‌డాము చేరుచుండెడివి. ఆ హాలెండుదేశముననే 1683నుండి 1689వఱకు జాన్ లాకు ప్రవాసమున నుండి తన మహాగ్రంథమును బూర్తిచేయుచుండెను. అది 1690 సంవత్సరపు ముద్రతో వెలువడెను. 1694లో రెండవ ముద్రణమున వ్యక్తి యొక్క ఏకత్వమును గూర్చిన ప్రకరణము చేర్చబడెను. వ్యక్తి యనునది న్యాయస్థానమునకు సంబంధించిన మాట యని యందు లాకు చెప్పెను. దేహము మాఱవచ్చును, ఆత్మపదార్థ మెట్టిదో మన మెఱుగకపోవచ్చును. కాని నిన్నటి పనిని నాదని యెఱుగు చైతన్యమెంతవఱకు వ్యాపించునో యంతవఱకు నొకే వ్యక్తి. ఒకడు మఱియొక జన్మమున చేసినదానికి, దాని జ్ఞాపకము లేశమైనను లేనివానిని, ఈ జన్మమున శిక్షించినయెడల, అట్టి శిక్షకును, నిష్కారణముగ దుఃఖభాజనునిగ సృజించుటకును భేదమేమున్నదని యాతడు ప్రశ్నించెను.

లాకు వాదమునకు ప్రతివాదము లేకపోలేదు. స్కాట్లండు దేశీయుడగు థామస్ రీడు 1785లో నొక యుదాహరణము చూపెను. పండ్లు దొంగిలించి దెబ్బలు తిన్న బాలుడు పెద్దవాడై శత్రువుల ధ్వజమును గెలిచెను. వృద్ధుడై సేనాపతి యయ్యెను. ధ్వజము గెలిచిననాడు దెబ్బలు జ్ఞాపకమున్నవి. సేనాపతియైననాడు ధ్వజము జ్ఞాపకమున్నదిగాని దెబ్బలు మఱచెను. జ్ఞాపకమే వ్యక్తియైనచో సేనాపతి ఆ యువకుడగును, యువకుడు ఆ బాలుడగును, సేనాపతి మాత్రము బాలుడు గాడు. ఇది యసంబద్ధము. కావున జ్ఞాపకమే వ్యక్తి యనరాదు.

రీడు మాట సత్యమే. కోర్టులలో మఱచితినన్న మాత్రమున ఋణము మాయదు. ప్రామిసరీనోటు జ్ఞాపకముంచుకొనును, సాక్షులు జ్ఞాపకముంచుకొందురు. కాని చిలుక విషయమున ఒప్పుకోలు లేదు, సాక్షి లేడు, దస్తావేజు లేదు. నిందితునకు తన నేరమేదో తెలియదు. ఏ నేరమునకో తెలియని శిక్షవలన పశ్చాత్తాపము పుట్టదు, నడవడి దిద్దుకొనుటయు గలుగదు. గోపన్నగారి చెఱకు కారణము వారికే తెలిసిన శిస్తు లెక్క యొకటి కన్నులయెదుట నుండగా, తెలియని చిలుకను వెదకుట యెందులకు?

ఇది పండితుల వినోదము మాత్రమే యని తలంపవలదు. ఆ చిలుక కథయే వేఱువేఱు రూపములతో మన సంఘమున నెన్నో గడపలయందు వినబడినది. బాల్యమున భర్తను గోల్పోయిన పిల్లతో నిది నీ పూర్వజన్మపాప మనిరి. ఊరి బావికి రారాదని వెలివేయబడినవానితోను అట్లే యనిరి. వడ్డీ వ్యాపారికి భూమి గోల్పోయిన కోయవానితోను అట్లే యనిరి. చేసినవాడు వేఱొకడుండగా అనుభవించువానినే నేరస్థుని జేయు తర్క మిది. 1950 జనవరి 26వ తేదీన నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ యధికరణమున నస్పృశ్యతను నిషేధించెను. శాసనము నిషేధించినదానిని మనస్సు కూడ విడువవలయును. కర్మకు ఫలము గలదను ధర్మమును మేము గౌరవింతుము. ఆ ధర్మము మన పనులకు మనలను జవాబుదారులను జేయుటకు గాని, పరుల దుఃఖమునకు పరులనే దోషులను జేయుటకు గాదు.

చెల్లుచీటి

విడుదలను గూర్చిన కథ యందఱు నెఱిగినదే. ఒకరాత్రి రామోజీ లక్ష్మోజీ యను పేరులతో నిరువురు బంట్లు తానీషా పడకగదికి వచ్చి బాకీ యంతయు చెల్లించి చెల్లుచీటి వ్రాయించుకొని పోయిరట. సుల్తాను వచ్చినవారు సామాన్యులు గారని తెలిసికొని గోపన్నగారిని విడిపించి గౌరవించెనట.

ఈ కథను నమ్మువారితో మేము తగవులాడము. దానియందున్న ధర్మసూక్ష్మమును మాత్రము చూపుదుము. ఋణమును పరులు తీర్పవచ్చును. ధనమునకు చేయి గుఱుతు లేదు. కాని చేసిన పనిని నేను చేసితినని యొప్పుకొనుట నితరులు మన పక్షమున చేయజాలరు. వకీలు వాదింపగలడు, జామీనుదారు సొమ్ము కట్టగలడు, బంధువు జరిమానా చెల్లింపగలడు. పశ్చాత్తాపమునకు ప్రతినిధి లేడు. జర్మను దేశీయుడైన కాంటు 1797లో ప్రకటించిన గ్రంథమున వ్యక్తికి చెప్పిన లక్షణ మిదియే: ఎవని కృత్యములు వానికే యారోపింపదగియుండునో వాడు వ్యక్తి, అట్లుగానిది వస్తువు.

కథ చెప్పిన జనులకును ఈ సూక్ష్మము తెలియకపోలేదు. విడుదలైన గోపన్నగారు సంతోషింపలేదనియు, ప్రభువు దర్శనము సుల్తానునకు గలిగి తనకు గలుగలేదే యని విలపించిరనియు వారే చెప్పుదురు. చెల్లుచీటి చేతికి వచ్చినను వారి లోపలి లెక్క తీరలేదు.

సుల్తాను

గోపన్నగారి చరిత్రము తానీషా చరిత్రము లేక సంపూర్ణము గాదు. అబుల్ హసను రాజ్యమునకు బూర్వము షా రాజు అను సూఫీ గురువునొద్ద శిష్యుడై ఫకీరువలె గాలము గడపెను. పిదప సుల్తాను కూతును బెండ్లియాడి, 1672లో రాజయ్యెను. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండలోనే హత్యగావింపబడిరి. 1687లో ఔరంగజేబు సేన యెనిమిది నెలల ముట్టడి పిమ్మట ద్రోహముచే తెఱువబడిన ద్వారమున కోట బ్రవేశించెను. మొగలాయి సర్దారులు లోనికి వచ్చినపుడు సుల్తాను చలింపక, వారిని మర్యాదతో బలుకరించి, వేళకు భోజనము చేసెనని చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాసెను. పిమ్మట దౌలతాబాదు కోటలో బందీయై, 1699లో మరణించువఱకు నచటనే యుండెను. ఖైదుచేసినవానికిని దాదాపు పండ్రెండేండ్ల ఖైదే ప్రాప్తించెను.

ఫకీరు, సుల్తాను, ఖైదీ: ఈ మువ్వురును ఒక్కడే యని యెట్లు చెప్పుదుము? 1739లో హ్యూము తన లోపలికి దిరిగి చూచి, వేడి, చలి, ప్రేమ, ద్వేషము మొదలగు నొకదానివెంట నొకటి పరుగిడు భావములే గాని వాని వెనుక నేనను పదార్థము గానరాలేదని వ్రాసెను. నేలకొండపల్లి స్తూపము కట్టినవారి మతమును దీనికి దగ్గఱగనే యున్నది. భద్రాచలపు రేవున నిలిచి చూచువానికి గోదావరి నిన్నటి నీరు గాదు. అయినను మన మా నదిని గోదావరి యనియే పిలుచుచున్నాము. నేనును అట్టి ప్రవాహమే కానిండు. ప్రవాహమైనను దానికి గట్లు గలవు. గోపన్నగారు తహసీలుదారుగ చేసిన పనికి ఖైదీగ లెక్క చెప్పిరి. అబుల్ హసను ఫకీరుగ నేర్చిన శాంతిని ఖైదీగ నిలుపుకొనెను. ఇట్లు నిన్నటిదానిని నేడు మోయు శక్తియే మనుష్యుని నొక్కనిగ జేయు గట్టు.

తరువాతి కాలము

గోపన్నగారి కీర్తనలును దాశరథీ శతకమును తెలుగు భక్తివాఙ్మయమున జిరస్థాయిగ నిలిచినవి. తంజావూరి సీమలోని త్యాగరాజస్వామి (1767-1847) వీరిని పూజ్యులలో జేర్చి స్మరించెను. శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వమువారు ముత్యాల తలంబ్రాలును పట్టువస్త్రములును సమర్పించు నాచారము తానీషా నాటిదని ప్రసిద్ధి. నిజాముల కాలమునందును అది నడచినది, నేటికిని నడచుచున్నది. ఆ యడవియంచున మహమ్మదీయ ప్రభువు పేరును, కోయగూడెపు దమ్మక్క పేరును, బ్రాహ్మణ తహసీలుదారుని పేరును ఒకే కోవెల కథలో జేరియున్నవి. ఈ మూటిలో మొదట చెప్పవలసినది దమ్మక్క పేరని మా యభిప్రాయము. ఆమె యర్పించినది తన చేతి పండు.

విద్యావంతులైన మన చదువరులలో పెక్కండ్రు పరుల సొమ్మునకు కావలివారై యున్నారు. కొందఱు ధర్మసంస్థలకు ధర్మకర్తలు, కొందఱు మైనరులకు సంరక్షకులు, కొందఱు సహకారసంఘములకు కార్యదర్శులు. మావంటివారియొద్ద కక్షిదారుల పైకము నిలువయుండును. పదవి పోవచ్చును, పేరు మాఱవచ్చును, జ్ఞాపకము సన్నగిల్లవచ్చును. మంచి యుద్దేశముతో మన మొకచోటి సొమ్ము వేఱొకచోట వినియోగించి, దేవుడే తీర్చునని తలపవచ్చును. గోపన్నగారికి వచ్చిన రామోజీ లక్ష్మోజీలు మనకు రారు. వచ్చినను వారు బాకీ తీర్తురే గాని మన మాఱుగ జవాబు చెప్పరు. ఆ జవాబు చెప్పవలసినవాడే నేనని తెలిసికొని, చదువరులు ప్రతిదినమును తమ లెక్కను దాము సరిచూచుకొందురుగాక.